గుండెదడకు జడిసి మానేసిన పనులను మళ్ళీ మొదలుపెట్టడం ఎలా?

లిఫ్టు ఉన్నా ఆరో అంతస్తు దాకా మెట్లెక్కే మనిషి అది వ్యాయామం కోసమని చెబుతాడు. పెళ్ళిమండపంలో గుమ్మం పక్క కుర్చీయే కావాలనే పెద్దమ్మ లోపల గాలి ఆడదంటుంది. బస్సులో రెండు గంటల్లో చేరే ఊరికి కారు కుదిరేదాకా ప్రయాణం వాయిదా వేసే అన్నయ్య నడుం నొప్పి సాకు చెబుతాడు. ముగ్గురూ అబద్ధాలకోరులేమీ కారు. ఎప్పుడో ఒకసారి అలాంటి చోటే గుండె దడదడలాడింది, ఒళ్ళంతా చెమట పట్టింది, ఊపిరి అందక ప్రాణం పోతోందేమో అనిపించింది. మళ్ళీ అలా అవుతుందేమోనని ఆ చోటునే మానేశారు. ఆ సంగతి పైకి చెప్పుకోలేక ఒక కారణం వెతుక్కున్నారు.

మీరూ ఇలాగే బస్సో, మెట్రోనో, లిఫ్టో, బ్యాంకు వరుసో, ఆఫీసు మీటింగులో నోరు విప్పడమో మానేసి ఉంటే, దాన్ని తిరిగి పట్టుకోవడానికి ఒక పద్ధతి ఉంది. అందుకు ధైర్యవంతులై ఉండనక్కరలేదు. "ధైర్యం తెచ్చుకో" అని ఉచిత సలహా ఇచ్చేవాళ్ళను అది ఏ కొట్లో దొరుకుతుందో అడగండి.

ముందు ఈ భయం ఎలా పెరిగిందో చూడండి. దడ వచ్చినప్పుడు మీరు బస్సు దిగిపోయారు. కాసేపటికి ప్రాణం కుదుటపడింది. దిగకపోయినా ఆ దడ తగ్గేదే, కాని అది కళ్ళారా చూసే అవకాశం మీకు దొరకలేదు. దిగడం వల్లే గండం తప్పిందని మెదడు రాసిపెట్టుకుంది. తర్వాత బస్టాపు కనిపించినా దడ మొదలైంది. ఆ తర్వాత ముందురోజు రాత్రి ప్రయాణం తలచుకుంటేనే మొదలైంది. తప్పించుకున్న ప్రతిసారీ భయానికి ఒక పూట తిండి పెట్టినట్టే. కాబట్టి భయం పోయాక బస్సెక్కుదామని ఆగితే ఎప్పటికీ ఎక్కలేరు. దడతోనే ఎక్కాలి, అయితే ఒక క్రమంలో ఎక్కాలి.

ముందు ఒంటిని ఒకసారి చూపించుకోండి

గుండెదడ అంతా మనసు వల్లే అని తీర్మానించుకోకండి. థైరాయిడ్ గ్రంథి మోతాదుకు మించి పనిచేస్తే దడ, వణుకు, చెమటలు, నిద్రలేమి వస్తాయి. రక్తహీనత ఉన్నా గుండె వేగంగా కొట్టుకుంటుంది. మధుమేహానికి మందులు వాడేవారికి రక్తంలో చక్కెర పడిపోతే అచ్చం భయపడినట్టే ఉంటుంది. ఉబ్బసానికి వాడే సాల్బుటమాల్ ఇన్‌హేలర్, కొన్ని జలుబు మాత్రలు కూడా గుండెను పరుగెత్తిస్తాయి. ఒక ఎంబీబీఎస్ డాక్టరు దగ్గరికి వెళ్ళి బీపీ, ఈసీజీ, రక్తంలో హిమోగ్లోబిన్, థైరాయిడ్, చక్కెర చూపించుకుంటే ఈ సందేహాలు చాలావరకు తీరతాయి. కాఫీ, టీ రోజుకు ఎన్నిసార్లు తాగుతున్నారో కూడా నిజాయితీగా లెక్కపెట్టుకోండి. నాలుగైదు సార్లు తాగేవారు వారం రోజుల్లో మెల్లగా రెండుకు తగ్గించి చూడండి. ఒక్కసారిగా మానేస్తే తలనొప్పి వచ్చి అదొక కొత్త కంగారు అవుతుంది.

ఛాతీ మధ్యలో బరువు పెట్టినట్టు నొప్పి వచ్చి దవడకో, ఎడమ చేతికో పాకుతున్నా, మెట్లెక్కితే వచ్చి కూర్చుంటే తగ్గుతున్నా, స్పృహ తప్పినా ఈ వ్యాసం పక్కన పెట్టి ఆసుపత్రికి వెళ్ళండి, లేదా 108కి ఫోను చేయండి. వయసు నలభై దాటినవారు, చక్కెర, బీపీ, పొగ తాగే అలవాటు ఉన్నవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. ఇది భయమే అయి ఉంటుందిలే అని అక్కడ మీకు మీరే తీర్పు చెప్పుకోకూడదు.

పరీక్షలన్నీ బాగున్నాయని డాక్టరు చెప్పారా? అయితే ఇక అక్కడితో ఆపండి. నెలకో ఈసీజీ, ఊరికో కార్డియాలజిస్టు అంటూ తిరిగేవాళ్ళున్నారు. రిపోర్టు చేతికొచ్చిన సాయంత్రం ప్రాణం హాయిగా ఉంటుంది, నాలుగో రోజుకు మళ్ళీ మొదటికొస్తుంది. అదీ తప్పించుకోవడంలో ఒక రకమే. అర్ధరాత్రి ఫోనులో రోగలక్షణాలు వెతకడం ఇంకా చవక రకం.

వారం రోజులు రాసిపెట్టండి

ఒక నోటుబుక్కు తీసుకోండి. కంగారు వచ్చిన ప్రతిసారీ అయిదు సంగతులు రాయండి: ఎక్కడ ఉన్నారు, ఒంట్లో ఏమైంది, ఏమవుతుందని అనిపించింది, భయం నూటికి ఎంత, అప్పుడు మీరు ఏం చేశారు.

చివరి గడి అన్నిటికంటే ముఖ్యం, అక్కడే చాలామంది మొక్కుబడిగా రాస్తారు. బస్సు దిగిపోవడం వంటి పెద్ద పనులే కాదు, చిన్న చిన్న ఊతకర్రలను కూడా పట్టుకోండి. చేతిలో నీళ్ళసీసా లేకపోతే బయల్దేరలేకపోవడం. జేబులో అమృతాంజనం డబ్బీ. వాంతి వస్తుందేమోనని గుప్పిట్లో వాసన చూసే నిమ్మకాయ. ఎక్కిన దగ్గర నుంచి దిగేదాకా ఇంట్లోవాళ్ళతో ఫోనులో మాట్లాడుతూనే ఉండటం. దారిలో ఏ ఆసుపత్రి ఎక్కడుందో లెక్కపెట్టుకోవడం. మీటింగులో ఎవరూ ప్రశ్న అడగకుండా తల వంచుకుని రాసుకుంటున్నట్టు నటించడం. నాడి పట్టుకుని చూసుకోవడం. ఘాట్ రోడ్డులో నిమ్మకాయ మంచి మందే. సమతలంగా ఉన్న మెట్రోలో కూడా అది లేకుండా నిలబడలేకపోతేనే చిక్కు. ఏమీ కాలేదన్న గొప్ప మీకు రాదు, నిమ్మకాయకు పోతుంది.

పూజలు, తాయెత్తుల సంగతి ఏమిటని అడుగుతారు. పిడుగు పడితే "అర్జునా ఫల్గుణా" అనుకుంటూ పెరిగినవాళ్ళం, దేవుణ్ణి తలచుకోవద్దని ఎలా చెబుతాను? తలచుకోండి. కాని తాయెత్తు ఇంట్లో మరిచిపోయిన రోజు గడప దాటలేకపోతున్నారంటే, దాన్ని కూడా ఊతకర్రల జాబితాలో చేర్చి, అన్నిటికంటే చివర తీసే వరుసలో పెట్టుకోండి.

దడను ఇంట్లోనే తెప్పించి చూడండి

ఈ మెట్టు వినగానే చాలామంది బెదిరిపోతారు, కాని పనిచేసే మెట్టు ఇది. ముందు ఒంట్లో జరిగేది తెలుసుకోండి. ప్రమాదం ఉందని మెదడు అనుకోగానే అడ్రినలిన్ రక్తంలోకి విడుదలవుతుంది. పరుగెత్తడానికో తిరగబడటానికో కాళ్ళకు రక్తం కావాలి కాబట్టి గుండె వేగం పెరుగుతుంది. ఒళ్ళు వేడెక్కకుండా చెమట పడుతుంది. జీర్ణం పనిని ఒళ్ళు పక్కకు నెట్టేస్తుంది, అందుకే కడుపులో తిప్పుతుంది. ఊపిరి వేగంగా తీయడంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోయి తల తేలిపోతుంది, పెదాలు, వేళ్ళ చివరలు తిమ్మిరెక్కుతాయి, చుట్టూ ఉన్నదంతా కలలోలాగా అనిపిస్తుంది. గాలి చాలడం లేదని ఇంకా గట్టిగా పీల్చేకొద్దీ ఇది ముదురుతుంది. నిజానికి గాలి ఎక్కువైంది.

ఈ దడ సాధారణంగా పది నిమిషాల లోపే శిఖరానికి చేరి, అక్కడి నుంచి దిగడం మొదలవుతుంది. అదే ఎత్తులో గంటలకొద్దీ నిలబెట్టే శక్తి ఒంటికి లేదు. స్పృహ తప్పుతుందేమో అన్న భయం చాలామందికి ఉంటుంది. స్పృహ తప్పడానికి సాధారణంగా బీపీ పడిపోవాలి, దడ వచ్చినప్పుడు అది పెరుగుతుంది.

చదివితే ఇది బుర్రకు ఎక్కుతుంది, ఒంటికి ఎక్కదు. అందుకే పరీక్ష. కుర్చీలో కూర్చుని ఒక నిమిషం పాటు వేగంగా, లోతుగా ఊపిరి తీయండి. తల తిరగడం మొదలవుతుంది. ఆపేసి, ఏమీ చేయకుండా, నీళ్ళు కూడా తాగకుండా చూస్తూ కూర్చోండి. ఎంతసేపట్లో తగ్గిందో గడియారం చూసి రాయండి. మరోరోజు ఉన్నచోటే ఒక నిమిషం పరుగెత్తి గుండెను దడదడలాడించండి. ఇంకోరోజు చిన్నప్పటిలా గిరగిరా తిరిగి ఆగండి. బస్సులో మిమ్మల్ని చంపేస్తుందనిపించిన అవే లక్షణాలు, మీ ఇంటి హాల్లో మీరు పిలిస్తే వచ్చి, వాటంతట అవే వెళ్ళిపోతాయి. రోజుకు మూడు నాలుగు సార్లు చొప్పున వారం చేస్తే దడ అంటే ఉన్న బెదురు బాగా తగ్గుతుంది. గుండెజబ్బు, ఉబ్బసం, మూర్ఛ ఉన్నవారు, గర్భిణులు డాక్టరును అడగకుండా ఇవి చేయకూడదు.

ఊపిరి గురించి

ముక్కుతో నాలుగు లెక్కపెట్టేంతసేపు పీల్చి, ఆరు లెక్కపెట్టేంతసేపు వదలండి. నిమిషానికి సుమారు ఆరు శ్వాసలవుతాయి. పీల్చడం కంటే వదలడం నెమ్మదిగా ఉంటే గుండె వేగం తగ్గుతుంది. రోజూ పొద్దున్నా రాత్రీ అయిదేసి నిమిషాలు, మనసు నిమ్మళంగా ఉన్నప్పుడే సాధన చేయండి. దడ వచ్చాక నేర్చుకుందామంటే కుదరదు.

ఊపిరి వ్యాయామాలకు ఈమధ్య లేనిపోని గొప్పతనం అంటగడుతున్నారు. దడను తరిమేయడానికని దీన్ని వాడితే, అదీ నిమ్మకాయలాగే మరో ఊతకర్ర అవుతుంది. ఒంట్లో వణుకు కాస్త తగ్గించుకుని ఆ చోటులోనే నిలబడటానికి వాడండి, అంతవరకే.

మెట్లు కట్టుకోండి

భయపెట్టే దానికి కొద్దికొద్దిగా దగ్గరవడం కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. మేరీ కవర్ జోన్స్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1924లో ప్రచురించిన పరిశోధనలో పీటర్ అన్న పసివాడికి కుందేలంటే ఉన్న భయాన్ని ఇలాగే పోగొట్టారు. పిల్లవాడు ఇష్టమైనది తింటూ ఉంటే, బోనులో ఉన్న కుందేలును గదిలో దూరంగా పెట్టి, వాడు ఒప్పుకున్నకొద్దీ దగ్గరికి జరిపారు. చివరికి వాడు దాన్ని చేత్తో నిమిరాడు. ఆలోచనలనూ అలవాట్లనూ మార్చే నేటి మానసిక చికిత్స కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీలో భయాలకు చేసే వైద్యానికి ఇలాంటి ప్రయోగాలే పునాది.

మీ నోటుబుక్కులో నుంచి ఒకే ఒక్క భయాన్ని ఎంచుకోండి. అన్నిటి మీదా ఒకేసారి యుద్ధం ప్రకటించకండి. మానేసినందువల్ల మీ బతుక్కి ఎక్కువ నష్టం చేస్తున్నదాన్ని తీసుకోండి. పాములంటే భయమున్నా అపార్టుమెంటులో ఉండేవారికి దానితో పెద్దగా పని లేదు. ఉద్యోగానికి వెళ్ళే దారిలో మెట్రో ఎక్కలేకపోతే మాత్రం జీతానికే ఎసరు.

మియాపూర్‌లో ఉండి మెట్రో మానేసిన మనిషి మెట్లు ఇలా ఉండవచ్చు. పక్కనున్న అంకె, ఆ పని తలచుకుంటే కలిగే భయం నూటికి ఎంత అన్నది.

- స్టేషనులోకి వెళ్ళి ప్లాట్‌ఫారం మీద కూర్చుని, నాలుగైదు రైళ్ళు వెళ్ళేదాకా చూసి తిరిగి రావడం: 25
- ఆదివారం పొద్దున, తోడు మనిషితో, పక్క స్టేషనైన జేఎన్‌టీయూ కాలేజీ దాకా: 35
- అదే దూరం ఒంటరిగా: 45
- ఒంటరిగా కూకట్‌పల్లి దాకా, తలుపుకు దూరంగా పెట్టె మధ్యలో నిలబడి: 55
- అమీర్‌పేట దాకా వెళ్ళి, రైళ్ళు మారే జనం మధ్య పది నిమిషాలు నిలబడి రావడం: 65
- పనిరోజు సాయంత్రం రద్దీలో అమీర్‌పేట నుంచి ఇంటికి: 80
- మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా 27 స్టేషన్లూ, ఫోను సంచిలోనే పెట్టి: 90

మెట్రోలో ఒక సౌకర్యం ఉంది. స్టేషన్లు దగ్గరదగ్గరగా ఉంటాయి, రెండు నిమిషాలకోసారి తలుపు తెరుచుకుంటుంది. అందుకని మొదట్లో నయం. ఆ తలుపే మళ్ళీ శత్రువు కూడా, ప్రతి స్టేషనులో "దిగిపో" అని పిలుస్తుంది. ఎక్కే ముందే ఎక్కడ దిగాలో కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి.

మెట్రో లేని ఊళ్ళలో పల్లెవెలుగు బస్సు అంతకంటే మంచి బడి. పిలిచినచోటల్లా ఆగుతుంది. మొదట ఒక స్టాపు, తర్వాత మండల కేంద్రం, ఆ తర్వాత ఎక్స్‌ప్రెస్, చివర హైదరాబాద్ నుంచి విజయవాడకు మధ్యలో ఆగని బస్సు. ఆడవారికైతే ఈ సాధనలో చాలావరకు టిక్కెట్టు ఖర్చు కూడా లేదు. తెలంగాణలో 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న స్త్రీ శక్తి పథకం మొదలైన తర్వాత పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆయా రాష్ట్రాల మహిళలు గుర్తింపు కార్డు చూపి సున్నా టిక్కెట్టుతో తిరగవచ్చు. అయితే ఆ బస్సుల్లో జనం కిటకిటలాడుతూ ఉంటారు కాబట్టి, గుంపంటే భయమున్నవారు రద్దీ వేళలను పై మెట్టుకు వాయిదా వేసుకోవాలి.

ప్రతి మెట్టుకూ ముందు ఒక వాక్యం రాయండి: ఏం జరుగుతుందని భయపడుతున్నాను? "ఏదో అవుతుంది" అని రాస్తే లెక్కలోకి రాదు. "బాలానగర్ వచ్చేసరికి కళ్ళు తిరిగి పడిపోతాను, అందరూ చుట్టూ మూగుతారు" అని రాయాలి. తిరిగొచ్చాక దాని కిందే జరిగింది రాయండి. "బాలానగర్ దగ్గర దడ వచ్చింది. 70 దాకా పోయింది. పడిపోలేదు. పక్కనున్నాయన ఫోనులో క్రికెట్ చూస్తున్నాడు, నా వైపు చూడను కూడా లేదు." ఈ రెండు వాక్యాల మధ్య ఉన్న తేడాయే మీ మందు. ఇలాంటి జతలు నోటుబుక్కులో పోగయ్యేకొద్దీ మెదడు పాత రాతను కొట్టేయకపోయినా, దాని పక్కన కొత్తది రాసుకుంటుంది.

కొన్ని కట్టుబాట్లు పాటించాలి. దడ వచ్చిందని మధ్యలో దిగకండి. మరీ భరించలేక దిగాల్సి వస్తే అక్కడే కూర్చుని, కాస్త కుదురుకుని, తర్వాతి రైలులో ఆ ప్రయాణం పూర్తిచేయండి. ఇంటికి మాత్రం రావద్దు. ఒక మెట్టును వారంలో నాలుగైదు సార్లు చేయండి. నెలకోసారి చేసేది సాధన కాదు, తీర్థయాత్ర. ఆ మెట్టు మీద భయం మొదటి అంకెలో సగానికి తగ్గాక, లేదా అది వచ్చినా మీరు పట్టించుకోనంత విసుగు పుట్టాక పైకి వెళ్ళండి. విసుగు చాలా మంచి గుర్తు. ఒక మెట్టుకూ పైమెట్టుకూ మధ్య ఎడం ఎక్కువనిపిస్తే మధ్యలో ఇంకోటి కట్టుకోండి. పై మెట్లకు వెళ్ళేకొద్దీ నీళ్ళసీసా, నిమ్మకాయ, ఫోను ఒక్కొక్కటే ఇంట్లో వదిలేయండి. ఎండ, వాన, రద్దీ, కొత్త దారి, ఇలా పరిస్థితులు మారుస్తూ చేయండి. లేకపోతే ఆదివారం పొద్దున మెట్రో మాత్రమే ఎక్కగల మనిషిగా మిగిలిపోతారు.

లిఫ్టుకైనా, మీటింగులో మాట్లాడటానికైనా, ముక్కూమొహం తెలియని ఆఫీసుకు ఫోను చేయడానికైనా మెట్లు ఇలాగే కట్టాలి. మాట్లాడే భయానికి ఒక చిట్కా చెబుతాను. చిన్న చిన్న పొరపాట్లు కావాలనే చేయండి. కిరాణా కొట్లో డబ్బులిచ్చాక "అయ్యో, ఇది వద్దండి, మార్చి ఇవ్వండి" అని అడగండి. దారిలో తెలిసిన చిరునామానే ఎవరినైనా అడగండి. నలుగురూ నవ్వుతారన్న భయం ఎంత బోలుదో, నలుగురూ తమ గొడవల్లో తాము ఎంతగా మునిగి ఉన్నారో అప్పుడు తెలుస్తుంది.

సూది భయానికి వేరే దారి

ఇంజక్షను, రక్తం చూస్తే కళ్ళు తిరిగి పడిపోయేవారికి పైన చెప్పిన బీపీ సంగతి వర్తించదు. వారికి మొదట బీపీ పెరిగి, తర్వాత ఒక్కసారిగా పడిపోతుంది. కాబట్టి ఒళ్ళు సడలించడం, నెమ్మదిగా ఊపిరి తీయడం ఇక్కడ ఎదురు తిరుగుతాయి. స్వీడన్‌కు చెందిన లార్స్ గోరాన్ ఓస్ట్ అనే మనస్తత్వవేత్త ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి దీనికి సరైనది. చేతులు, కాళ్ళు, పొట్ట కండరాలను మొహం వేడెక్కేదాకా పది పదిహేను సెకన్లు బిగించి, అరనిమిషం మామూలుగా వదిలి, మళ్ళీ బిగించాలి. ఇలా అయిదుసార్లు. సూది వేసే చేతిని మాత్రం వదులుగా ఉంచండి. రక్తం ఇచ్చేటప్పుడు పడుకోబెట్టి తీయమని అడగడానికి మొహమాటపడకండి. అది రక్తం తీసేవారికీ సుఖమే, మిమ్మల్ని నేల మీద నుంచి లేపే పని తప్పుతుంది.

రాత్రిపూట బుర్రలో తిరిగే ఆలోచనలకు

చోటును చూసి పుట్టే భయం ఒకటైతే, చోటుతో పనిలేని దిగులు మరొకటి. అబ్బాయి బండి మీద వెళ్ళాడు, ఇంకా రాలేదు. అమ్మాయి అమెరికాలో ఉంది, పొద్దుటి నుంచి మెసేజీ లేదు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో. అనుమానం పెనుభూతం అన్నారు, అది మంచం ఎక్కేవేళకే నిద్ర లేస్తుంది.

ఆలోచించకూడదు అనుకుంటే ఆలోచన ఇంకా పట్టుకుంటుంది కాబట్టి దానికి వేళ కేటాయించండి. రోజూ సాయంత్రం ఆరు నుంచి ఆరున్నర దాకా, పడకగదిలో మాత్రం కాదు, ఒక కుర్చీలో కూర్చుని దిగులు పడండి. మిగతా వేళల్లో బుర్రలోకి వచ్చినదాన్ని ఒక ముక్క రాసుకుని, "ఆరింటికి చూద్దాం" అని చేతిలో ఉన్న పనికి తిరగండి. మొదటి వారం పదేపదే వస్తుంది. వచ్చినన్నిసార్లూ ఆరింటికే పంపండి.

ఆరింటికి ఆ జాబితా తీసి, ఒక్కొక్కదాన్నీ ఒక ప్రశ్న అడగండి: దీని గురించి నేను రేపు చేయగల పని ఏదైనా ఉందా? ఉంటే ఆ పని, ఎన్నింటికి, ఎవరికి ఫోను చేయాలి అన్నది రాసుకుని వదిలేయండి. లేకపోతే అది లెక్క తేలని ప్రశ్న. వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవని మన పెద్దలు అన్నది అలాంటివాటి గురించే. అక్కడ కావలసింది జవాబు కాదు, జవాబు లేకుండా కూర్చోవడం అలవాటు కావడం. దానికీ మెట్లు కట్టవచ్చు. అమ్మాయికి రోజుకు ఆరుసార్లు మెసేజీ పెట్టేవారు నాలుగుకు, తర్వాత రెండుకు తగ్గించండి. చేరగానే ఫోను చేయమని అబ్బాయిని కోరండి, దారిలో మాత్రం మీరు చేయకండి. బండి మీద ఉన్న మనిషికి ఫోను చేయడం వాడి ప్రాణానికి కూడా మంచిది కాదు.

నిద్ర పట్టక ఇరవై నిమిషాలైందనిపిస్తే మంచం దిగి, మసక వెలుతురులో ఏదైనా విసుగు పుట్టించే పని చేసి, కునుకు వచ్చాకే పడుకోండి. వార్తా చానళ్ళు రాత్రి తొమ్మిది తర్వాత చూడకపోతే దేశానికి నష్టమేమీ రాదు.

ఇంట్లోవాళ్ళతో

సాధన మొదలుపెట్టే ముందు భార్యకో, భర్తకో, అమ్మకో విషయం చెప్పి రెండు కోరికలు కోరండి. మొదటిది, "ఏమీ కాదు కదా?" అని మీరు పదేపదే అడిగితే ప్రతిసారీ "ఏమీ కాదు" అనవద్దని. "ఇది భయం అడిగిస్తున్న ప్రశ్న, నీకు జవాబు తెలుసు" అని ఒకసారి చెప్పి ఊరుకోమనండి. రెండోది, మీ పనులు మీ బదులు చేయవద్దని. ప్రేమతోనే బ్యాంకుకూ, బజారుకూ, కరెంటు ఆఫీసుకూ తామే వెళ్ళి వస్తుంటారు. అలా నాలుగేళ్ళు గడిచాక మీ ప్రపంచం వీధి గుమ్మం దగ్గర ఆగిపోతుంది. ఇది వినడానికి కటువుగా ఉంటుంది, అందుకే వాళ్ళంతట వాళ్ళు చేయలేరు, మీరే అడగాలి.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు?

నెలకు పైగా ఉద్యోగం, చదువు, నిద్ర, తిండి దెబ్బతింటున్నా, మొదటి మెట్టే ఎక్కలేకపోతున్నా, భయం ఆపడానికి మద్యం తాగుతున్నా సొంత సాధనతో కాలయాపన చేయకండి. బతకాలని లేదన్న ఆలోచన వస్తే ఆ రోజే సాయం తీసుకోండి. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416. పగలూ రాత్రీ ఎప్పుడైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ, విశాఖపట్నంలోని చినవాల్తేరు పేర్లను ఎగతాళి మాటలుగా వాడి వాడి, అవి అందరికీ వైద్యం చేసే ప్రభుత్వ మానసిక ఆసుపత్రులన్న సంగతే మరిచిపోయాం. రెండుచోట్లా ఓపీ ఉంటుంది. చూపించుకుని సాయంత్రానికి ఇంటికి రావచ్చు. ప్రభుత్వ బోధనాసుపత్రుల్లోనూ మానసిక వైద్య విభాగం ఉంటుంది. సైకియాట్రిస్టు మందులు రాస్తారు, క్లినికల్ సైకాలజిస్టు మీతో కూర్చుని పైన చెప్పిన మెట్లు కట్టిస్తారు. సైకాలజిస్టు రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదైనవారో కాదో అడిగి తెలుసుకోండి. ఆరోగ్య బీమా ఉంటే పాలసీ పత్రం తిరగేయండి. శారీరక జబ్బులకు ఇచ్చినట్టే మానసిక జబ్బులకూ బీమా వర్తింపజేయాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది.

మందుల గురించి రెండు మాటలు. సెర్ట్రలీన్, ఎస్సిటాలోప్రామ్ వంటివి పనిచేయడానికి 2 నుంచి 6 వారాలు పడుతుంది, మొదటి రోజుల్లో కాస్త అలజడి పెరగవచ్చు కూడా. అది తెలియక నాలుగో రోజున మానేసేవారే ఎక్కువ. అల్ప్రాజోలం, క్లోనజెపాం వంటివి అరగంటలో హాయినిస్తాయి, అదే వాటితో చిక్కు. అలవాటు పడతారు, మోతాదు పెరుగుతుంది. బస్సెక్కే ముందు ఒకటి మింగితే ప్రయాణం జరిగిపోతుంది గాని, నేర్చుకోవడం జరగదు. మందుల షాపులో తెలిసినవాడు ఉన్నాడని చీటీ లేకుండా తెచ్చుకోకండి. ఇప్పటికే చాలాకాలంగా వాడుతుంటే ఒక్కసారిగా ఆపకండి, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

మళ్ళీ వెనక్కి జారితే

జారతారు. జ్వరం వచ్చి పదిరోజులు ఇంట్లో ఉన్నాక, ఇంట్లో ఎవరైనా పోయాక, బదిలీ అయి కొత్త ఊరు వచ్చాక, నిద్ర తక్కువైన వారంలో దడ తిరిగి వస్తుంది. అంతా మొదటికొచ్చిందని నోటుబుక్కు అటక మీద పడేయకండి. పాత పేజీలు తీసి మీ జతలు చదవండి. ఆఖరున సులువుగా చేసిన మెట్టు కంటే రెండు మెట్లు కిందికి దిగి, మర్నాడే మొదలుపెట్టండి. మొదటిసారి నెల పట్టిన మెట్టు ఈసారి చాలామందికి వారంలోనే అయిపోతుంది.

ఇక ఈ వారానికి చేయవలసింది కొంచెమే. డాక్టరు దగ్గరికి ఒకసారి, నోటుబుక్కు ఒకటి, పొద్దున్నా రాత్రీ అయిదేసి నిమిషాలు ఊపిరి. దడను ఇంట్లో పిలిచే పరీక్షలు వచ్చే వారం. మెట్లు ఆ తర్వాత.